నేటాల్ బొగ్గుగనుల తెలుగు పూర్వికుల అన్వేషణ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఆధారాలు – ఒక పద్ధతి

వ్యాససంగ్రహం:
1860–1911 మధ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలసరాజ్యానికి ఒప్పంద కార్మికులుగా వెళ్ళినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. చెరకుతోటల్లో పనిచేసిన వారి చరిత్ర కొంత వెలుగులోకి వచ్చింది. ఉత్తర నేటాల్ బొగ్గుగనుల్లో పనిచేసిన వారి వంశాన్వేషణపై తెలుగులో పరిశీలన తక్కువ. కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలను కేంద్రంగా తీసుకొని, అటువంటి పూర్వికుని ఆనవాళ్ళను ఏ పత్రాల ద్వారా, ఏ క్రమంలో గుర్తించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. జర్మనీ నుండి అమెరికా బొగ్గుగనులకు వలసవెళ్ళిన వారి వంశాన్వేషణ పద్ధతిని పోలికగా స్వీకరిస్తుంది. వ్యక్తిపేరు కంటే వలససంఖ్య, గ్రామనామం బలమైన ఆధారాలని, వాటిని సరిగా చదవడానికి తెలుగు నామవిజ్ఞానం, స్థానిక పాలనా చరిత్ర తప్పనిసరి అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నేటాల్, ఒప్పంద కార్మికులు, బొగ్గుగనులు, ఓడజాబితాలు, ఇంటిపేరు, గ్రామనామం, కృష్ణా జిల్లా, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం:

దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాల్లో నేడు నాలుగవ, ఐదవ తరాలవారు తమ మూలగ్రామం కోసం వెతుకుతున్నారు. వారి చేతిలో సాధారణంగా ఉండేవి మూడే: నాయుడు, రెడ్డి, చెట్టి వంటి ఒక కులసూచక నామం, ‘మద్రాసు నుండి వచ్చారు’ అనే కుటుంబ స్మృతి, తాత లేదా ముత్తాత పేరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒక గ్రామానికి దారి చూపదు. మద్రాసు వారు ఓడ ఎక్కిన రేవు మాత్రమే. కులసూచక నామం వేలాది కుటుంబాలకు ఉమ్మడి. ముత్తాత పేరు వెంకయ్య లేదా సుబ్బయ్య అయితే ఓడజాబితాల్లో అటువంటివారు ఎందరో కనిపిస్తారు.

ఈ అన్వేషణ ఫలితం కుటుంబాల ఆసక్తికి మాత్రమే పరిమితం కాదు. పొరపాటున వేరొకరిని పూర్వికునిగా స్వీకరిస్తే ఆ తప్పు తరువాతి తరాలకు చరిత్రగా స్థిరపడుతుంది. ప్రవాస భారతీయ పౌరసత్వ గుర్తింపు కార్డు వంటి హక్కుల విషయంలోనూ వంశక్రమాన్ని రుజువు చేసే పత్రాలే ప్రధానం. బొగ్గుగనుల్లో పనిచేసిన తెలుగువారి సామూహిక చరిత్రను నిర్మించాలన్నా, వారిని ‘మద్రాసీలు’ అనే గంపగుత్త పేరు నుండి విడదీసి, ఏ తాలూకా నుండి వచ్చారో ఒక్కొక్కరుగా గుర్తించవలసి ఉంటుంది. తెలుగు పరిశోధకుని పాత్ర అక్కడే మొదలవుతుంది.

2. చారిత్రక నేపథ్యం:

మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్‌కు వచ్చిన మొదటి ఒప్పంద కార్మికులు అందులో ఉన్నారు. 1866 నుండి 1874 వరకు వలస నిలిచిపోయి, తిరిగి కొనసాగి 1911లో ముగిసింది. ఈ కాలంలో నేటాల్ చేరిన ఒప్పంద కార్మికులు, వారి పిల్లలు కలిపి 1,52,184 మంది అని ఓడజాబితాల ఆధారంగా పరిశోధకులు లెక్కగట్టారు. వీరిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి, మిగిలినవారు కలకత్తా రేవు నుండి వెళ్ళారు. మద్రాసు రేవు నుండి వెళ్ళినవారిలో తమిళులతోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఉన్నారు.

ఒప్పందకాలం ఐదేళ్ళు. తోటల్లో పనిచేసే పురుషునికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరుగుదల ఉండేవి. పదేళ్ళ నివాసం తరువాత తిరుగు ప్రయాణానికి ఉచిత ఓడ సదుపాయం లభించేది. 1895 నాటి 17వ చట్టం ఈ స్థితిని మార్చింది. ఒప్పందం ముగిశాక తిరిగి ఒప్పందంలో చేరనివారు, స్వదేశం వెళ్ళనివారు ఏటా 3 పౌండ్ల పన్ను చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది.

బొగ్గు పరిశ్రమకు ఊపు ఇచ్చింది రైలుమార్గం. ఉత్తర నేటాల్‌లో డండీ పట్టణం 1882లో ఏర్పడింది. 1889లో డండీ బొగ్గు కంపెనీ స్థాపితమైంది. 1890లో రైలు న్యూకాజిల్ చేరింది. డర్బన్ రేవుకు, రైలు ఇంజన్లకు బొగ్గు అవసరం పెరిగినకొద్దీ గనుల యజమానులు ఒప్పంద కార్మికులను తీసుకోవడం మొదలుపెట్టారు. ఇదే సమయంలో నిజాం రాష్ట్రంలోని ఇల్లెందు ప్రాంతంలోనూ 1889లో బొగ్గు తవ్వకం ఆరంభమైంది. ఆ విధంగా తెలుగు శ్రామికులు దాదాపు ఒకే దశాబ్దంలో స్వదేశంలోను, సముద్రానికి ఆవల కూడా గని కార్మికులుగా మారారు.

బొగ్గుగనుల భారతీయులు చరిత్రలో ప్రముఖంగా కనిపించేది 1913లో. అక్టోబరు నెలలో న్యూకాజిల్ గనుల్లో 3 పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా సమ్మె ఆరంభమైంది. నవంబరు 6న గాంధీ నాయకత్వాన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. ప్రభుత్వం వారిని రైళ్ళలో వెనుకకు పంపి, గనుల ఆవరణలనే జైళ్ళుగా ప్రకటించింది. గనుల ఉద్యోగులే జైలు కాపలాదారులయ్యారు. 1914లో ఆ పన్ను రద్దయింది. ఈ ఘట్టం గాంధీ జీవితచరిత్రలో విస్తృతంగా నమోదైంది. ఆ సరిహద్దు దాటిన రెండు వేల పైచిలుకు జనంలో ఎందరు తెలుగువారు, వారిది ఏ ఊరు అనే ప్రశ్నలకు సమాధానం మాత్రం పత్రాగారాల్లో వెతకవలసిందే.

3. జర్మన్ గని కార్మికుల వంశాన్వేషణ – ఒక పోలిక:

పందొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల నుండి అనేకులు అమెరికాకు వలసవెళ్ళి పెన్సిల్వేనియా మొదలైన చోట్ల బొగ్గుగనుల్లో పనిచేశారు. వారి వంశీకులు అనుసరించే అన్వేషణ పద్ధతి ఇప్పటికే స్థిరపడిన శాస్త్రం. దాని మూలసూత్రం ఒకటే: మూలగ్రామం పేరు తెలిసేవరకు స్వదేశపు పత్రాలను తెరవరాదు. ‘జర్మనీ’ అన్నమాట చాలదు. 1871కి ముందు అది అనేక రాజ్యాల సమూహం. ‘ప్రష్యా’ అన్నా చాలదు. ఆ రాజ్యం బాల్టిక్ తీరం నుండి రైన్ లోయ వరకు వ్యాపించింది.

హాంబర్గ్ రేవు ప్రయాణికుల జాబితాలు 1850 నుండి 1934 వరకు లభిస్తున్నాయి. వాటిలో ప్రయాణికుని నివాసస్థలం ఉంటుంది. బ్రెమెన్ రేవు పాత జాబితాలను స్థలాభావం వల్ల అధికారులే ధ్వంసం చేశారు. మిగిలినవాటిలో ఎక్కువభాగం రెండవ ప్రపంచయుద్ధంలో నశించింది. ఆ రేవు నుండి వెళ్ళినవారి వంశీకులు అమెరికా వైపు పత్రాలపైనే ఆధారపడాలి. గ్రామం తెలిస్తే చర్చి జనన, వివాహ, మరణ పుస్తకాలు వంశక్రమాన్ని శతాబ్దాల వెనుకకు తీసుకుపోతాయి. గని కార్మికునికైతే అదనంగా ‘క్నాప్‌షాఫ్ట్’ అనే సహాయనిధి సంఘాల పత్రాలు, పెన్సిల్వేనియా గని ప్రమాదాల రిజిస్టర్లు ఉపకరిస్తాయి.

తెలుగు ఒప్పంద కార్మికుని స్థితి దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అతని ఓడజాబితా జర్మన్ వలసదారుని జాబితా కంటే ఎంతో వివరమైనది. తండ్రిపేరు, గ్రామం, శరీరంపై పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. అయితే గ్రామానికి చేరిన తరువాత చర్చి పుస్తకం వంటి నిరంతర జననమరణ నమోదు ఉండదు. జర్మన్ అన్వేషకునికి ఓడ దగ్గర ఎదురయ్యే కష్టం తెలుగు అన్వేషకునికి ఊరి దగ్గర ఎదురవుతుంది. కనుక జర్మన్ పద్ధతిలోని క్రమశిక్షణను గ్రహిస్తూనే, ఆధారాల బరువును వేరుగా తూచాలి.

4. ఓడజాబితా – అది చెప్పేది, చెప్పనిది:

ఒప్పంద కార్మికుల ఓడజాబితాలో ప్రతి వ్యక్తికీ ఒక వలససంఖ్య ఉంటుంది. దాని తరువాత పేరు, తండ్రిపేరు, వయస్సు, లింగం, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, శరీరపు గుర్తులు అనే అంశాలు వరుసగా నమోదవుతాయి. దక్షిణాఫ్రికాలో భద్రపరచిన ఈ జాబితాలను ఆధారం చేసుకొనే సురేంద్ర భానా 1991లో నేటాల్ వలసదారులపై గణాంక అధ్యయనం వెలువరించారు. డర్బన్‌లోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా ఇవి అన్వేషకులకు అందుబాటులోకి వచ్చాయి.

వీటిలో అత్యంత విలువైనది వలససంఖ్య. పేరు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రూపం పొందుతుంది. వయస్సు అంచనా మాత్రమే. సంఖ్య మాత్రం ఆ వ్యక్తిని నేటాల్ అధికారుల పత్రాల్లో జీవితాంతం అనుసరిస్తుంది. యజమాని మారినా, ఫిర్యాదు చేసినా, వివాహం నమోదైనా, మరణించినా, స్వదేశానికి తిరుగు ఓడ ఎక్కినా అదే సంఖ్య కనిపిస్తుంది. ఆనాడు మనిషిని సంఖ్యగా కుదించిన పాలనావిధానమే ఈనాడు ఆ మనిషిని తిరిగి గుర్తించడానికి ఉపకరిస్తోంది. అందువల్ల కుటుంబం వద్ద ఉన్న పాత జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, ఒప్పంద విమోచనపత్రం వంటి వాటిలో ఆ సంఖ్య కోసం మొదట వెదకాలి. సంఖ్య లభిస్తే పేరుతో మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు.

స్త్రీలకు, పిల్లలకు కూడా విడివిడి సంఖ్యలు ఉండేవి. తండ్రివైపు వంశం తెగిపోయినచోట తల్లి లేదా అమ్మమ్మ సంఖ్య ద్వారా కుటుంబాన్ని గుర్తించే అవకాశం ఉంది. మన వంశవృక్షాల్లో సాధారణంగా విస్మృతమయ్యే స్త్రీల శాఖ ఈ జాబితాల్లో పురుషులతో సమానంగా నమోదై ఉండడం గమనార్హం.

ఓడజాబితా చెప్పనిది ఇంటిపేరు. దానికి ప్రత్యేకమైన గడి లేదు. అలాగే వృత్తి, భాష కూడా అందులో ఉండవు. వ్యక్తి తెలుగువాడా, తమిళుడా అన్నది పేరు, కులం, తాలూకాలను కలిపి నిర్ణయించవలసి వస్తుంది.

5. జిల్లా, తాలూకా, గ్రామం – మారిన సరిహద్దులు:

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల అన్వేషకుడు ముందుగా గుర్తించవలసిన విషయం పాలనా సరిహద్దుల మార్పు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో కలిపారు. 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడింది. నేటాల్ వలస 1860లో మొదలై 1911లో ముగిసింది. అంటే వలసకాలంలో అత్యధికభాగం ఈ ప్రాంతం కృష్ణా జిల్లా కిందనే ఉంది. ఓడజాబితాల్లో ‘గుంటూరు జిల్లా’ అని వెదికే అన్వేషకునికి 1904కి పూర్వపు పూర్వికుడు దొరకడు. ‘కిస్ట్నా’ అనే ఆంగ్ల వర్ణక్రమం కింద వెదకాలి.

తాలూకాల సంగతీ అంతే. గోర్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్ కాలానికి రేపల్లె, బాపట్ల తాలూకాలు. తెనాలి తాలూకాగా కనిపించడం తరువాతి కాలపు విషయం. కనుక 1880లలో వలసవెళ్ళిన తెనాలి పరిసర గ్రామస్థుడు ‘రేపల్లె తాలూకా’ వాడుగా నమోదయ్యే అవకాశం ఎక్కువ. నాటి బాపట్ల తాలూకాలో చీరాల ప్రాంతం కూడా అంతర్భాగం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, బాపట్ల, రేపల్లె, చీరాల అందులో చేరగా తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచింది. ఒకప్పుడు ఒకే తాలూకాగా నమోదైన గ్రామాలు నేడు రెండు జిల్లాల రికార్డు గదుల్లో విడిపోయి ఉండవచ్చు.

గ్రామనామాల లిప్యంతరీకరణ మరొక సమస్య. తెలుగు పలుకు మద్రాసు డిపో గుమాస్తా చెవికి చేరి, అతని చేతిలో ఆంగ్లలిపి రూపం దాల్చింది. గుమాస్తా తమిళుడైతే క–గ, ప–బ, త–ద వంటి వర్ణాల భేదం రాతలో తారుమారు కావచ్చు. ట–త, ల–ళ, న–ణ భేదాలను ఆంగ్లలిపి ఎలాగూ చూపదు. కాబట్టి ‘బాపట్ల’ను ‘పాపట్ల’, ‘పపెట్ల’ వంటి రూపాల్లోనూ, ‘రేపల్లె’ను ‘రెయిపల్లి’, ‘రాపల్లి’ వంటి రూపాల్లోనూ వెదకడం అవసరం. కొల్లూరు, కొల్లిపర వంటి సన్నిహిత నామాలు ఒకదానికొకటిగా పొరబడే అవకాశమూ ఉంది. కొత్తపాలెం వంటి పేర్లు తీరమంతటా ఉన్నాయి కనుక తాలూకా తోడు లేనిదే అవి దేనినీ రుజువు చేయవు.

నమోదుస్థలం, స్వస్థలం ఒకటే అని భావించడం ఇంకొక ప్రమాదం. 1883 నాటి 21వ చట్టం ప్రకారం వలసదారుని నిర్ణీత అధికారి ఎదుట నమోదు చేయాలి. పనికోసం ముందే ఊరు విడిచి మరొక పట్టణంలో ఉన్న వ్యక్తి అక్కడే నమోదై ఉండవచ్చు.

ప్రయాణమార్గాన్ని పరిశీలిస్తే ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. విజయవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో ప్రారంభమైంది. అంతకు పూర్వం ఈ డెల్టా నుండి దక్షిణానికి జలమార్గం ఉంది. దుగ్గిరాల వద్ద నుండి కొమ్మమూరు కాలువ పెదగంజాం వరకు సాగి, అక్కడ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు చేరేది. 1899కి ముందువారికి పడవ లేదా కాలినడక, తరువాతివారికి రైలు అందుబాటులో ఉన్నాయి. ‘పడవ మీద మద్రాసు చేరారు’ అనే కుటుంబ కథ కాలనిర్ణయానికి ఒక సూచన కాగలదు.

డెల్టా పరిస్థితిని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తికావడంతో ఈ తాలూకాలకు కాలువనీరు లభించింది. అదే కృష్ణా జిల్లాలోని పల్నాడు, వినుకొండ వంటి మెట్టప్రాంతాలు 1876–78 కరవులో వేరే అనుభవం చవిచూశాయి. అందుచేత ‘కృష్ణా జిల్లా’ అనే నమోదు కనిపించగానే డెల్టా గ్రామమని తీర్మానించరాదు. నీరున్న డెల్టాలోనూ భూమిలేని కూలికి వలస ఒక మార్గమే. 1864 నవంబరు 1న మచిలీపట్నం తీరాన్ని ముంచిన ఉప్పెన వంటి విపత్తులు తీరగ్రామాల జీవికను చెదరగొట్టాయి.

6. ఇంటిపేరు సమస్య – నామవిజ్ఞానం అందించే సహాయం:

తెలుగువారి గుర్తింపుకు ఆధారం ఇంటిపేరు. వ్యక్తిపేరు, తండ్రిపేరు మాత్రమే అడిగిన ఓడజాబితాలో అది జారిపోయింది. నేటాల్‌లో పుట్టిన పిల్లలకు పాలనావ్యవస్థ కోరిన చివరిపేరుగా కులసూచక నామమో, తండ్రిపేరో స్థిరపడింది. నాయుడు అనే పదం ఆంగ్లంలో రెండు ‘ఓ’ అక్షరాలతో ముగిసే రూపం దాల్చి వంశనామమైంది. ఇక్కడ కులనామంగా ఉన్నది అక్కడ ఇంటిపేరు స్థానాన్ని ఆక్రమించింది. కూలిడబ్బులనే అర్థం ఉన్న ‘కూలి’ అనే మాట అక్కడ భారతీయులందరినీ అవమానించే పదంగా మారడం ఇటువంటిదే మరొక భాషాపరిణామం.

పోయిన ఇంటిపేరును పునరుద్ధరించడానికి గ్రామనామాలు కొంత తోడ్పడతాయి. బాపట్ల సమీపంలోని పిట్టలవానిపాలెం వంటి పేర్లలో ‘వానిపాలెం’, ‘వారిపాలెం’ అనే అంశాలకు ముందు ఉన్నది తరచు ఒక ఇంటిపేరు. జాబితాలో గ్రామంగా అటువంటి పాలెం కనిపిస్తే, ఆ పాలెంలో నేడు నివసించే కుటుంబాల ఇంటిపేర్లను పరిశీలించడం సమంజసం. అయితే పాలెం పేరునే పూర్వికుని ఇంటిపేరుగా నిర్ణయించరాదు. ఒక వంశం పేర ఏర్పడిన పాలెంలో అనేక వంశాలు నివసిస్తాయి.

వ్యక్తినామాలు కూడా ప్రాంతసూచకాలు కాగలవు. బాపట్ల, పొన్నూరు క్షేత్రాల్లోని భావనారాయణస్వామి ప్రభావంతో భావన్నారాయణ, భావయ్య వంటి పేర్లు ఆ పరిసరాల్లో నిలిచాయి. నేటాల్ కుటుంబంలో అటువంటి పేరు తరాలుగా కొనసాగితే అది పరిశీలించదగిన సూచన. సుబ్బయ్య, వెంకయ్య, రామయ్య వంటి పేర్లకు అటువంటి విలువ లేదు. తాతపేరు మనవడికి పెట్టే ఆచారం మరొక ఆధారం. నేటాల్‌లో పుట్టిన పెద్దకొడుకు పేరు ఓడజాబితాలోని తండ్రిపేరుతో సరిపోలితే ఆ వ్యక్తి గుర్తింపు బలపడుతుంది.

7. గని వైపు ఆధారాలు:

వలససంఖ్య తెలిసిన తరువాత నేటాల్ ప్రభుత్వ భారతీయ వలస శాఖ పత్రాలను చూడాలి. ఇవి పీటర్‌మారిట్జ్‌బర్గ్ పత్రాగారంలో ఉన్నాయి. దక్షిణాఫ్రికా జాతీయ పత్రాగారం ఆన్‌లైన్ సూచికలో వీటిని శోధించవచ్చు. కార్మికుల ఫిర్యాదులు, యజమాని మార్పులు, పారిపోయినవారి వివరాలు, మరణాలపై ఉత్తరప్రత్యుత్తరాలు వీటిలో లభిస్తాయి. 1891 నాటి 25వ చట్టం కింద వలసదారుల వివాహాలు కూడా నమోదయ్యేవి. ఆస్తి మిగిల్చి మరణించినవారికి న్యాయస్థానపు ఆస్తి వ్యవహారాల దస్త్రాలు ఉంటాయి. వాటిలో వారసుల పేర్లు ఉండటం వల్ల రెండు తరాలను ఒకేసారి కలపవచ్చు.

గని కార్మికుని విషయంలో కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. ఒప్పందంలోని యజమాని పేరు గని ఉన్న ఊరిపేరు కాక కంపెనీ పేరుగా ఉండవచ్చు. అందువల్ల డండీ, గ్లెంకో, న్యూకాజిల్ పరిసర గనుల కంపెనీ పేర్ల పట్టిక సిద్ధం చేసుకోవాలి. బోయర్ యుద్ధం మరొక విరామం. 1899 అక్టోబరు 20న డండీ పక్కనున్న తలానా కొండ వద్ద, మరుసటిరోజు బొగ్గుగనుల కేంద్రమైన ఎలండ్స్‌లాక్టే వద్ద యుద్ధాలు జరిగాయి. ఆ నెలల్లో గని ప్రాంతపు వ్యక్తి పత్రాల్లో కనిపించకపోతే మరణించాడనో, స్వదేశం వెళ్ళాడనో భావించరాదు. 1913 సమ్మెకాలంలో గనులే జైళ్ళుగా ప్రకటితమైనందున న్యూకాజిల్, డండీ న్యాయాధికారుల దస్త్రాలు కూడా పరిశీలనార్హాలు.

క్రైస్తవ కుటుంబాలకు మరొక మార్గం ఉంది. బాపట్ల, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. నేటాల్‌లో ఉన్న తెలుగు బాప్టిస్టుల సేవకై జాన్ రంగయ్య 1903లో స్వదేశం నుండి అక్కడకు వెళ్ళి, అదే సంవత్సరం కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని వ్యవస్థీకరించారు. గుంటూరు, రేపల్లె ప్రాంతాల్లో లూథరన్ మిషన్ ప్రధానం. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, బాల్యంలోనే అమెరికాకు వలసవెళ్ళిన జె.సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరులో ఆ మిషన్‌ను ఆరంభించారు. ఈ మిషన్ల బాప్తిస్మ పుస్తకాలు జర్మన్ చర్చి పుస్తకాలకు ఈ నేలపై ఉన్న దగ్గరి పోలిక.

8. స్వగ్రామం వైపు ఆధారాలు:

గ్రామం ఖాయమైన తరువాత మూడు రకాల ఆధారాలను పరిశీలించాలి. మొదటిది ప్రభుత్వ పత్రాలు. చెన్నైలోని తమిళనాడు పత్రాగారంలో మద్రాసు ప్రెసిడెన్సీ వలసశాఖ వ్యవహారాలు ఉన్నాయి. రెండవది భూమి రికార్డులు. ఇనాము రిజిస్టరు, రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అడంగలు వంటివాటిలో రైతుల పేర్లు, ఇంటిపేర్లు, సర్వేనంబర్లు ఉంటాయి. నేటాల్ జాబితాలో లేని ఇంటిపేరు ఇక్కడ లభించవచ్చు. ఒప్పంద కార్మికులలో భూమిలేనివారు అధికం కనుక పూర్వికుని పేరు ఇక్కడ లేకపోవడం వ్యతిరేక సాక్ష్యం కాదు. మూడవది మౌఖిక ఆధారం. ‘సముద్రం దాటి వెళ్ళి తిరిగిరాలేదు’ అనే జ్ఞాపకం గ్రామంలో ఏదైనా కుటుంబంలో మిగిలిందా, వారి ఇలవేల్పు, పండుగ ఆచారాలు నేటాల్ కుటుంబపు ఆచారాలతో కలుస్తున్నాయా అని విచారించాలి. ఈ విచారణలో అన్వేషకుడు తనకు తెలిసిన పేర్లను ముందుగా చెప్పరాదు. విన్న పేరును మర్యాదకొద్దీ అవునన్న సమాధానానికి సాక్ష్యపు విలువ ఉండదు.

9. నిర్ధారణకు ప్రమాణాలు:

ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా ఈ క్రమాన్ని వివరించవచ్చు. ఓడజాబితాలో ‘వెంకయ్య, తండ్రి సుబ్బయ్య, వయస్సు 24, కిస్ట్నా జిల్లా, రేపల్లె తాలూకా’ అని ఒక నమోదు ఉన్నదనుకుందాం. డండీలో స్థిరపడిన కుటుంబపు ముత్తాత పేరు కూడా వెంకయ్య. ఈ రెండూ ఒకరే అనడానికి పేరు చాలదు. కుటుంబం వద్ద ఉన్న పత్రంలో అదే వలససంఖ్య ఉంటే గుర్తింపు ఖాయమవుతుంది. సంఖ్య లేనప్పుడు కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు కలవాలి. ఉదాహరణకు, ఒప్పందం బొగ్గు కంపెనీకి కేటాయించినట్లు వలసశాఖ పత్రం చూపడం, మొదటి కొడుకు పేరు సుబ్బయ్య కావడం. ‘స్వతంత్ర’ అనే మాట ఇక్కడ ముఖ్యం. ఒక పత్రాన్ని చూసి రాసిన మరొక పత్రం రెండవ సాక్ష్యం కాదు. ఆన్‌లైన్‌లో ఇతరులు రూపొందించిన వంశవృక్షానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ప్రతికూల ఆధారాలను కూడా వెదకాలి. ఆ సంఖ్యగల వ్యక్తి పదేళ్ళ తరువాత తిరుగు ఓడలో మద్రాసు చేరినట్లు నమోదైతే, నేటాల్‌లో స్థిరపడిన కుటుంబానికి అతడు మూలపురుషుడు కావడం సందేహాస్పదం. శరీరపు గుర్తులు, ఎత్తు వంటివి మరణ లేదా జైలు నమోదుతో పోల్చడానికి పనికివస్తాయి. అన్ని అంశాలూ సరిపోలని చోట ‘ఖాయం’, ‘సంభావ్యం’, ‘నిరాధారం’ అనే మూడు స్థాయిల్లో ఫలితాన్ని ప్రకటించడం పరిశోధనా ధర్మం. గ్రామం మాత్రమే తెలిసి కుటుంబం తేలనప్పుడు అంతవరకే ప్రకటించాలి. ఊరివరకు చేరిన అన్వేషణ కూడా సఫలమైనదే.

10. ముగింపు:

దక్షిణాఫ్రికా ప్రవాసాంధ్రులు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను నిలుపుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల్లో జర్మన్‌ను, తెలుగును ఒకే నిబంధనలో పేర్కొన్నది. ఆ రెండు సమాజాల వలసచరిత్రలు భిన్నమైనా, వాటి వంశీకులు అడిగే ప్రశ్న ఒకటే. జర్మన్ వంశీకునికి సమాధానం చెప్పడానికి గ్రామాలవారీ సూచికలు, పాత రాజ్యాల సరిహద్దు పటాలు, లిప్యంతరీకరణ నిఘంటువులు సిద్ధంగా ఉన్నాయి. తెలుగు వంశీకునికి అటువంటివి సమకూర్చవలసి ఉంది.

దీనికి తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టదగిన పనులు స్పష్టం. నేటాల్ ఓడజాబితాల నుండి కృష్ణా, గుంటూరు జిల్లాల నమోదులను వేరుచేసి, ప్రతి గ్రామనామానికి నేటి తెలుగు రూపం, పాత తాలూకా, నేటి మండలం చేర్చిన పట్టిక రూపొందించాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత గ్రామాల ఇంటిపేర్లను సేకరించి దానికి జతపరచాలి. మిషన్ల పాత బాప్తిస్మ పుస్తకాలు శిథిలం కాకముందే ప్రతిబింబాలు తీయించాలి. ఈ పని జరిగిననాడు డండీ, న్యూకాజిల్ గనుల్లో బొగ్గు తవ్వినవారు ఒక్కొక్కరు తమ పేరుతో, తండ్రిపేరుతో, ఊరిపేరుతో తెలుగు శ్రామిక చరిత్రలో చేరతారు.